ఎండకో మిస్డ్ కాల్

మార్చి 3, సోమవారం

కరెంటు ఆఫీసు నుంచి ఉత్తరం. మా అపార్ట్‌మెంట్ మేడ మీది సోలార్ నుంచి గ్రిడ్‌కు ఒకేసారి రెండు కిలోవాట్లకు మించి పంపకూడదట. మించినదానికి బిల్లులో తగ్గింపు రాదు. ప్యానెల్స్ పది కిలోవాట్లవి. మిట్టమధ్యాహ్నం కరెంటులో ముప్పాతిక వంతు ఇక ఎవరికీ కాకుండా పోతుంది. అసోసియేషన్ సెక్రటరీగా అందరినీ ఒప్పించి పెట్టించింది నేనే. మా నల్లగండ్ల మొత్తం మీద నా అంత తెలివైనది లేదనుకున్నాను. తగిన శాస్తే అయింది.

మార్చి 4

ట్రెజరర్ నరసింహమూర్తి గారి ఫోన్. మెయింటెనెన్స్ పెరుగుతుందండి, ఎక్కడో ఒకచోట తగ్గించాలండి అన్నారు. ఆ ఎక్కడో ఒకచోట ఈరమ్మ. ఆవిణ్ని తీసేసి నీళ్ల మోటారుకు టైమర్, గేటుకు కెమెరా పెడితే చాలట. 23న మీటింగ్‌లో తీర్మానం.

పేరుకు రాజయ్య వాచ్‌మన్, పనంతా ఆయన భార్య ఈరమ్మదే. పని పోతే పార్కింగ్ పక్క గదీ పోతుంది. కూతురు సంధ్యకు 21 నుంచి పదో తరగతి పరీక్షలు.

నేను గట్టిగా వద్దనలేదు. సిగ్గుగా ఉంది.

మార్చి 8, శనివారం

టైమర్ నేనే తెచ్చి పెట్టించాను. ఎండ ఉండే వేళ అని పన్నెండు నుంచి రెండు. మబ్బు పట్టింది. టైమర్‌కు మబ్బు తెలియదు కదా, మోటారు గ్రిడ్ కరెంటు తాగుతూ నడిచింది. ట్యాంకు నిండి నీళ్లు మెట్ల మీదికి వచ్చాయి. పదిహేనేళ్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఎక్స్‌పీరియన్స్ నాది!

ఈరమ్మ మోటారు ఆపి, మెట్లు తుడుస్తూ, ఏంది మేడమ్ గీ డబ్బా అని అడిగింది. ఉత్తరం గురించి చెప్పాను, తీర్మానం సంగతి తప్ప. ఎండ ఉత్తగ పోతుందంటే జర నాకు చెప్పొద్దా అంది. పొద్దుగాల అయిదింటికి మోటరెయ్యమన్నది మీరే గదా అని కూడా అంది. నిజమే. సోలార్ రాకముందు పెట్టిన రూలు, ఎవరమూ మార్చలేదు.

మార్చి 11, మధ్యాహ్నం 12.40

వర్క్ ఫ్రమ్ హోమ్. కాల్ మ్యూట్‌లో పెట్టి మేడ ఎక్కాను. టైమర్ పీకేశాక మోటారు మళ్లీ ఈరమ్మ చేతికే వచ్చింది. బట్టల తీగ నీడ చూస్తోంది. నీడ గీత గీసినట్టుంటే మోటారు వేస్తుంది, మసకబారితే ఆపుతుంది. అంతే లెక్క. నేను యాప్ తెరిచి సరిచూశాను. నీడ స్పష్టంగా ఉంటే ఎనిమిది కిలోవాట్లు, మసకబారితే మూడు. యాప్ అయిదు నిమిషాలకోసారి మారుతుంది, ఈరమ్మ అప్పటికే కిందికి దిగి స్విచ్ దగ్గర ఉంటుంది. నాకు ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు.

మార్చి 17

ఈరమ్మ లెక్కలో ఎండ ఇంకా మిగులుతోందట. పార్కింగ్‌లో ఏడు ఎలక్ట్రిక్ స్కూటర్లు, అన్నీ రాత్రే ఛార్జింగ్. ఇంట్ల ఉన్నోళ్లు పగటిపూట పెట్టుండ్రి అని గడపగడపకూ తిరిగింది. ఎండ ఎప్పుడొస్తుందో మాకేం తెలుసన్నారట. మిస్డ్ కాల్ ఇస్త, ఎత్తకుండ్రి అందట. ఒకటిస్తే ఛార్జింగ్ పెట్టాలి, రెండిస్తే తీసెయ్యాలి.

మార్చి 19

ఇవాళ వృథా దాదాపు సున్నా. మీటింగ్‌లో చూపడానికి యాప్ లెక్క ప్రింటవుట్ తీశాను.

ఇక దాచలేక ఈరమ్మకు తీర్మానం సంగతి చెప్పేశాను. తెలుసు మేడమ్, మూర్తి సారు లిఫ్టుల నిలబడి ఫోన్ మాట్లాడిన నాడే తెలిసింది అంది. మరి ఇదంతా ఎందుకు చేశావన్నాను. ఉన్నన్ని దినాలు ఎండను పారబోస్తనా అంది.

నేనైతే నోటీస్ పీరియడ్‌లో ల్యాప్‌టాప్ కూడా తెరవను.

మార్చి 23, ఆదివారం

పొద్దున్నుంచి మబ్బు. పదకొండున్నరకు మీటింగ్. నరసింహమూర్తి గారు తీర్మానం చదవడం మొదలుపెట్టారు. నేను ప్రింటవుట్ పట్టుకుని లేవబోతుంటే ఒక ఫోన్ మోగి ఆగింది. తర్వాత పక్కావిడది. ఆ తర్వాత ఇంకొకటి. చివరికి ఆయన జేబులోది.

ఒక్క నిమిషం అండి అంటూ కాగితం కుర్చీలో పెట్టి, స్కూటర్ తాళం చేత్తో పట్టుకుని అందరికంటే ముందు పార్కింగ్‌లోకి పరుగెత్తింది ఆయనే.

తిరిగొచ్చి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మిగతా విషయాలు చూద్దామండి అన్నారు.

మార్చి 24, 12.05

ఆఫీసు, తొమ్మిదో అంతస్తు, రివ్యూ మీటింగ్. ఈరమ్మ నుంచి ఒక మిస్డ్ కాల్. నాకు స్కూటర్ లేదు. అయినా కిటికీ దాకా వెళ్లి ఎండ చూసొచ్చాను.