పదకొండింటి కుక్కర్

ఆషేరూ,

ఆఫీసు బస్సు టైమైంది, వెళ్తున్నా. నానిన శనగలు కుక్కర్‌లో ఉన్నాయి. సరిగ్గా పదకొండుకి స్టవ్ వెలిగించు. ఆరు విజిల్స్ రావాలి. అమ్మ పన్నెండుకల్లా తిని షుగర్ మాత్ర వేసుకోవాలి, ఆలస్యం చెయ్యకు. మోకాళ్ల నొప్పులంటే తనని నీ గదిలో పడుకోబెట్టాను, తినే టైమయ్యేదాకా లేపకు. నీ లాప్‌టాప్ వంటగట్టు మీద పెట్టాను.

పదకొండుకే నీ క్లయింట్ కాల్ అని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నా.

కరోనా రెండేళ్లూ నా ఆఫీసు ఆ గట్టేరా. మనింట్లో మొదట డిగ్రీ చదివింది నేను, తలుపున్న గది మాత్రం నీకు. ప్రమోషన్ కోసం ఆన్‌లైన్‌లో నా డెమో ఉన్న రోజు ‘జర ఒక్క గంట గది ఇయ్యరా’ అని తలుపు కొడితే, ‘ష్... అక్కా, కాల్‌లో ఉన్నా’ అన్నావు. అమ్మ తిండికి ఆలస్యమవుతుందని కుక్కర్ ఆపలేకపోయాను. దాని కూతల్లో నా మాట ఎవరికీ వినపడలేదు, ప్రమోషన్ పోయింది. మళ్లీ దానికోసమే ఇవాళ గచ్చిబౌలి ఆఫీసులో ఇంటర్వ్యూ. ఈసారి తలుపేసిన గదిలో మాట్లాడతాను.

– అక్క

తా.క. మూత పెట్టిన గిన్నెలో నీకు గుడ్డు కూర ఉంది, కాల్ అయ్యాక తిను. ఈలోపు కుక్కర్‌ని ‘ష్’ అని చూడు, వింటుందేమో.