అమ్మవారు కాదు, దోమల మలాం

శంషాబాద్,
జులై 2012.

వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా ఒంటి మీది దద్దుర్లు దోమల మలాం వల్ల వచ్చినవే గాని అమ్మవారు కాదని ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

తుక్కుగూడ దగ్గర ఉండే ఈశ్వరయ్య అను నేను, విమానాశ్రయం రోడ్డు పక్క గడ్డి కోసే కాంట్రాక్టు కూలీని, విన్నవించుకొనునది:

1. వానకాలం దోమలు ఎక్కువని మా సూపర్‌వైజరు హరిప్రసాద్ గారు తలా ఒక మలాం ట్యూబు ఇచ్చినారు. చేతులకు కొద్దిగా రాసుకొమ్మన్నారు. ఊరికే వచ్చింది గదా అని నేను మెడ, వీపు, పొట్టతో సహా పూసుకొన్నాను. తెల్లవారేసరికి ఎర్రని దద్దుర్లు, విపరీతమైన దురద.

2. నా భార్య లింగమ్మ చూడగానే అమ్మవారు పోసిందని గడపకు వేపమండలు కట్టినది. "మలాం పడలేదే" అంటే "గట్లనకు, తల్లి వింటది" అన్నది. అప్పటినుండి ఇంట్లో తాలింపు లేదు, మాంసం లేదు, నాకు స్నానం లేదు. స్నానం లేనందున మలాం ఒంటి మీదనే ఉన్నది. మలాం ఉన్నందున దురద తగ్గుట లేదు. దురద తగ్గనందున వేపమండలు తీయుట లేదు.

3. పెళ్లయిన నాటినుండి నన్ను తిట్టకుండా బువ్వ పెట్టని మనిషి, ఇప్పుడు "చల్లగ తాగు తల్లీ" అని మజ్జిగ ఇస్తున్నది. నాకు భయంగా ఉన్నది.

4. పక్కింటి జంగయ్య వచ్చి మొక్కి, "వాన ఎప్పుడు పడ్తది తల్లీ?" అని అడిగినాడు. "నాకేం ఎరుక జంగయ్యా, నాకు గోక్కునుడే సరిపోతున్నది" అన్నాను. అమ్మ అలిగిందని పోయి వాడకట్టునంతా తోలుకొని వచ్చినాడు.

5. అసలు బాధ ఇది. వేపమండల సంగతి తెలిసి హరిప్రసాద్ గారు ఫోన్ చేసినారు. "అంటురోగం పెట్టుకొని రాకు. సోమవారం లోపల డాక్టర్ కాగితం తే. లేకుంటే ఇంకొకర్ని పెట్టుకుంట" అన్నారు. మా చెలక భూమి విమానాశ్రయం కింద పోయినది. ఇప్పుడు అక్కడి గడ్డే నాకు ఆధారం.

6. మొన్న తమరు చూసి, చిట్టీ మీద "మలాం పడకపోవడం కావచ్చును" అని రాసినారు. లింగమ్మ చదివించుకొని, "చూసినవా, డాక్టరు సారుకే ధైర్యం చాలలే" అన్నది. కావున ఈసారి కావచ్చును అనకుండా గట్టిగా రాయవలెను.

గోక్కుంటూ రాసినందున అక్షరాలు వంకరపోయినవి. మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఈశ్వరయ్య

మరొక మనవి: ఈ అర్జీ పట్టుకొని బయలుదేరబోగా హరిప్రసాద్ గారే మోటారు సైకిలు మీద వచ్చినారు. పని తీసేసిన అని చెప్పడానికే అనుకొన్నాను. చెప్పులు వాకిట్లో విడిచి, కొబ్బరికాయ పెట్టి, కాలరు జరిపి మెడ చూపించినారు. అవే దద్దుర్లు.

"ఫోన్ల తప్పు మాట్లాడిన తల్లీ. నా మీదికి గూడ వచ్చినవ్. జర శాంతించు."

"సార్, మలాం రాసుకున్నరా?"

"రాసుకున్న తల్లీ. అయినా వచ్చినవ్."

"మలాం బంద్ చెయ్యున్రి. నన్ను సోమవారం పనిలకు రానియ్యున్రి. తగ్గుతది" అన్నాను. నా మాటగానే అన్నాను. ఆయన రెండు చేతులు జోడించి సరేనన్నారు.

కావున ధ్రువపత్రం ఇప్పుడే పంపవద్దని, దురద మందు మాత్రం ఇద్దరికి సరిపడా పంపవలెనని ప్రార్థన.