ఊదితే ఎగిరిపోయే పేరు

అక్కా,

నేను బాగానే ఉన్నా, నా చేయే బాగాలేదు. ఇది బావకి చదివి వినిపించకు, ఊరంతా టముకు వేస్తాడు.

నీ మరదల్ని ఆటపట్టిద్దామని ఆవిడ పేరున్న స్టిక్కరు ఒకటి మోచేతి కింద అతికించుకుని, పచ్చబొట్టు పొడిపించుకున్నానన్నా. తిడుతుందనుకున్నా. ఏడ్చింది! మర్నాడే వెళ్లి నా పేరు నిజంగా సూదితో పొడిపించుకుని వచ్చింది.

ఇప్పుడు తన చేయి వాచి పొట్టు రాలుతోంది. నా స్టిక్కరూ అంచుల్లో లేస్తోంది. "మీది దున్నపోతు తోలు కాబట్టి వాపు రాలేదు. గోక్కోకండి, మానేటప్పుడు ఇలాగే రాలుతుందట" అంటూ నాకూ మందు రాసి ఊదుతోంది. ఆ ఊదుడుకి పేరు ఎగిరిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నా.

పచ్చబొట్లు వేసేవాణ్ణి పట్టుకున్నా. అదే చోట అసలుది వేస్తాడట, కానీ మానేదాకా వాపు దాచలేవన్నాడు. అందుకని నీకు ఒంట్లో బాగాలేదని చెప్పి నీ మరదల్ని కొన్నాళ్లు మీ ఇంటికి పిలిపించుకో.

సూది చూస్తే కళ్లు తిరిగే వెధవవి, నిజం చెప్పి చావొచ్చుగా అంటావు. పెళ్లయ్యాక ఆవిడ నా మాట నమ్మింది ఇదొక్కసారే అక్కా.

నీ తమ్ముడు