నువ్వు ఎయ్యని తేదీ

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు చదవవని నీ చెల్లెకు తెల్సు. అయినా ఇయ్యాల జరిగింది నీకు చెప్పకుంట ఉండలేకపోతున్న.

జనగామల మన ఆఫీసు బోర్డు దించినం. బోర్ల నీళ్ళు అయిపోతే మోటర్ చప్పుడును బట్టి ఫోనే దాన్ని బంద్ చేసే ప్రోగ్రాం రాసి, ఎవరైనా ఊరికే వాడుకోండ్రని నెట్‌ల పెట్టినవు గద. దాన్ని గూడ తీసేసినం. ఆ పద్ధతి మీద పేటెంట్ మాదేనని ఓ పెద్ద కంపెనీ కేసేసింది. మన బాపు మంచంల పండుకొనే ఆ చప్పుడు గుర్తుపడ్తుండె. చప్పుడుకు గూడ పట్టా అయితదా అన్నా?

వకీలు మంచోడే. "నెట్‌ల పెట్టింది వాళ్ళ పేటెంట్ దరఖాస్తు అయినంకనే. అంతకుముందే ఊర్లల్ల వాడినట్టు, తేదీ ఉన్న కాయితం ఒక్కటి చూపెట్టమ్మా" అన్నడు. నీ నోట్‌బుక్ పట్కపోయిన. "నర్మెట్టల మల్లక్క బోరుకు పెట్టిన. చేన్ల మక్క కంకులు ఇరుస్తున్నరు" అని రాసినవు. ఇంకో పేజీల, "బాపు కాలు ఇరిగిన నాలుగో దినం."

వకీలు పేజీలన్నీ తిప్పిండు. "ఏ సంవత్సరమమ్మా?" అన్నడు. బాపు ఉంటే చెప్తుండె. మల్లక్కను అడిగితే, "మీ అన్న పెట్టిండు బిడ్డా, గంతే యాదికున్నది" అన్నది.

ఇయ్యాల బోర్డు దించి ఇంటికొచ్చి ఆఖరి పేజీ చూసిన. "దవాఖానకు పోయొచ్చినంక మిగిలింది రాయాలె" అని ఉంది. దాని కింద నువ్వు పోయిన తేదీ నేనే ఏసిన. నీ నోట్‌బుక్‌ మొత్తంల నాకు తెల్సిన తేదీ గదొక్కటే.