దిష్టి రేకు

నాయనా,

మన పాత తాలూకా కచేరీకి మరమ్మతులు చేస్తున్నారు. గుమ్మం పైనున్న తామరపూల మీద ఏళ్ల తరబడి పేరుకున్న సున్నాన్ని గీకేశారు. అప్పట్లో పగిలిపోయినదాని బదులు నువ్వు చెక్కి పెట్టిన పూవు కూడా బయటపడింది. నీ వర్ధంతి నాడే చూడ్డానికి వెళ్లాను.

ఆలూరు నుంచి వచ్చిన రాతిపనివాడు నిచ్చెనెక్కి, నీ పూవుకే ఉలి ఆనించాడు.

"ఆగప్పా, ఏం చేస్తాండావు?" అన్నాను.

"దీంట్లో ఒక రేకు చెక్కకుండా ఇడిసిపెట్టినారక్కా. పూర్తి చేస్తాండా."

"అది మా నాయన చెక్కింది. దిష్టి తగలకూడదని కావాలనే ఒక రేకు ఇడుస్తాడు. యాడ పని చేసినా అంతే."

అతను ఆ మొద్దు రేకును కాసేపు చేత్తో తడిమి, ఉలిని సంచిలో పెట్టుకున్నాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇటు తిరగ్గానే చెక్కేస్తాడేమోనని మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను.

నిన్న మళ్లీ వెళ్లాను. నీ రేకు అలాగే ఉంది. పక్కన అతను కొత్తగా చెక్కి పెట్టిన పూవు శానా నునుపుగా వచ్చింది, నువ్వు చూస్తే మెచ్చుకునేవాడివి. తలెత్తి దాని రేకులన్నీ చూశాను. ఒకటి చెక్కకుండా వదిలేశాడు.