చదునుగా నిలిచిన నెత్తురు

పామిడిలో కాపురముంటున్న, కీర్తిశేషులు ఇమ్మానుయేల్ కూతురు సువార్త అనే నేను, వయసు ఇరవై ఆరు, అవివాహితను, బడి లైబ్రరీలో ఉద్యోగిని, స్థిరమైన బుద్ధితో నా చేత్తో నేనే ఈ వీలునామా రాస్తున్నాను. ఎవరి ఒత్తిడీ లేదు. భయం ఉంది. భయం ఉన్నంత మాత్రాన బుద్ధి చెదిరినట్టు కాదు.

నాకు తల్లి లేదు, తోబుట్టువులు లేరు. మా నాయనను ఈ జనవరిలో ఆయన తమ్ముడు మద్దిలేటి చంపాడు. అది కళ్లారా చూసిన సాక్షిని నేనొక్కదాన్నే. వచ్చే నెల కోర్టులో చెప్పాలి. ఈ లోపు వీలునామా లేకుండా నేను పోతే నా ఆస్తి ఆ చిన్నాయనకే చేరుతుంది. చేరకూడదు.

1. ఈ వీలునామాను అమలు చేయవలసింది హేమావతి. కాన్వెంటులో నా బెంచీ మీద కూర్చునేది, ఇప్పుడు అనంతపురంలో వకీలు. టీచర్ నన్ను లేపి ప్రశ్న అడిగితే నా బదులు తనే జవాబు చెప్పేది. నేను బతికి ఉంటే మాత్రం కోర్టులో నా జవాబు నేనే చెప్పుకుంటాను.

2. పెన్న ఒడ్డున ఉన్న బోరు చేను తిప్పమ్మకు. ఆమె గొర్రెలు కాసుకునే మనిషి, మాకు బంధువు కాదు. నిరుడు చేను రాసిమ్మని మద్దిలేటి కొడవలి పట్టుకుని మా చేని గట్టు మీద నిలబడిన రోజు ఊరంతా తలుపులు మూసుకుంది. ఆమె ఒక్కతే మందను అతని మీదికి తోలి, "ఏమప్పా మద్దిలేటీ, కొడవలి ఎత్తుకొచ్చినావు, ఈ కరువులో గడ్డి యాడుండాది కోసేకి?" అంది. చేను ఆమెది.

3. పడవ వనజాక్షికి. మా నాయన తాడిపత్రి బండలు లారీలో తీరానికి తోలేవాడు. అక్కడ సముద్రపు పోటు ఎక్కి దిగే ఉప్పుకాలువ రేవులో ఒక పాత చేపల పడవ కొన్నాడు. రేవులో రొయ్యలు అమ్ముకునే వనజాక్షి దాన్ని కనిపెట్టుకుని ఉండేది. ఏటా జనవరిలో నాయన, నేను, మా మూడు కుక్కలు ఆ పడవలో కాలువ వెంట తిరిగేవాళ్లం. కుక్కలకు నాయన మెట్టపంటల పేర్లు పెట్టాడు: కొర్ర, సజ్జ, ఉలవ. అవి ముందు నిలబడి కొంగలను అదిలించేవి, నేను చదువుకునేదాన్ని. "పెన్నలో ఇసక, ఈడ నీళ్లు. ఏం న్యాయమే పాపా ఇది?" అనేవాడు నాయన.

షరతు ఒకటే. తీర్పు వచ్చేదాకా వెనకవైపు చెక్కలు కడగకూడదు.

4. నా సాక్ష్యం కోర్టుకు. పోలీస్ స్టేషన్లో అంతా చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

చేను రాయించుకోవాలని మద్దిలేటి ఈసారి మాతో పడవ ఎక్కాడు. నాయన జ్వరంతో పడుకుంటే రాత్రి పొద్దుపోయాక నిండు పోటులో పడవను అతనే కట్టాడు, గుంజకు కురచగా. వనజాక్షి గట్టు మీంచి, "తాడు వొదులుగా కట్టయ్యా, పాటు తీసి నీళ్లు దిగితే పడవ యాలాడతాది" అంది. "ఎనుములు కట్టినోనికి పడవ కట్టేది నేర్పుతావా?" అని నవ్వాడు. మా సీమలో నీళ్లు ఒకసారి దిగితే మళ్లీ రావు. పూటపూటకూ దిగి ఎక్కే నీళ్లు అతని బుర్రకు ఎక్కలేదు.

తెల్లవారేసరికి నీళ్లు దిగాయి. పడవ తాడుకు వేలాడుతూ ఒరిగింది. గొలుసుతో కట్టి ఉన్న ఉలవ అంచు దాటి జారి, మెడ బిగిసి చచ్చిపోయింది. నాయన తాడు కోశాడు. పడవ బురదలో చదునుగా కూర్చుంది. ఉలవను పూడ్చి వచ్చి నాయన, "చేను కాదు గదా, చేటంత నేల గూడా నీకియ్యను పోరా" అన్నాడు. "కుక్కకు ఏడుస్తావు, తమ్మునికియ్యవా?" అంటూ మద్దిలేటి వెదురు గడతో కొట్టాడు. నాయన వెనకవైపు చెక్కల మీద పడిపోయాడు. పడ్డాక కూడా తల మీద కొట్టాడు. ఎముక పగిలిన చప్పుడు విన్నాను. సజ్జ అతని పిక్క పట్టింది. గడ కొనతో దాని కన్ను పొడిచాడు. కొర్ర మణికట్టు పట్టి వదల్లేదు. అతను ఇంకో చేత్తో గడ మళ్లీ ఎత్తాడు. నేను చేపల కత్తి తీసుకుని ఆ చేతి మీద వేశాను. రెండు వేళ్లు చెక్కల మీద పడ్డాయి. ఇది కూడా కోర్టుకు చెబుతాను. ఇందుకు నాకు చింత లేదు.

పడవ ఒరిగినప్పుడు అన్న జారిపడి తల పగిలిందని, తన వేళ్లు తాడులో తెగాయని అతని వాంగ్మూలం. ఒరిగిన పడవలో నెత్తురు పల్లానికి పారుతుంది. నాయన నెత్తురు తల చుట్టూ గుండ్రంగా నిలిచింది. వనజాక్షి పట్టా కప్పి ఉంచింది, మరక ఇంకా ఉంది. ఎవరైనా పోయి చూడవచ్చు.

5. కొర్ర, సజ్జ కూడా తిప్పమ్మకే. సజ్జ దగ్గరికి కన్నున్న వైపు నుంచి రావాలి, లేకపోతే ఉలిక్కిపడుతుంది. కరుస్తుందేమో అన్నాను. "కుక్క కరిస్తే సూదుండాది పాపా. మీ చిన్నాయన కరిస్తే యాడుండాది సూది?" అంది తిప్పమ్మ.

6. నా పుస్తకాలు బడికి. వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. చిరిగితే చిరగనీయండి.

7. మద్దిలేటికి నా ఆస్తిలో ఏమీ లేదు. బెయిలు మీద బయటికొచ్చి పోయిన వారం లైబ్రరీ కిటికీ దగ్గర నిలబడ్డాడు. "సాక్షి చెప్పేకి నోరుండాదా పాపా నీకు? కాలవ దాకా ఎందుకులే, ఈడ ఎండిన బావులు శానా ఉండాయి" అన్నాడు. నేను కిటికీ మూసేశాను. జవాబు ఇది: ఈ వీలునామా నకలు ఒకటి ఈ రోజే రిజిస్టరు పోస్టులో అతనికి పంపుతున్నాను. ఒకటి జడ్జి గారికి, ఒకటి హేమావతికి. నన్ను చంపితే అతనికి చేను రాదు, పడవ రాదు, సాక్ష్యం ఆగదు. వీలునామాను మనిషి పోయాక తెరుస్తారు. దీన్ని అతను ఎల్లుండికల్లా తెరవాలి. నేను చావడానికి రాసింది కాదు ఇది.

పామిడి, 12 ఆగస్టు 2024.

(సంతకం) ఇ. సువార్త

సువార్త మా ఎదుట సంతకం చేయగా చూసి, ఆమె ఎదుట మేమూ సంతకం చేశాం. ఇందులో మాకు ఏ ఆస్తీ రాదు.

సాక్షులు:
కుళ్లాయప్ప, పోస్ట్‌మ్యాన్, పామిడి
గంగక్క, అంగన్‌వాడీ టీచర్, పామిడి