హమాలీల గదిల లైటు

మిర్యాలగూడ, మంగళవారం రాత్రి

తన పాత రైస్ మిల్లు కూలగొట్టినంక సేటుకు దాని మీద ప్రేమ పుట్టింది. ఇంట్ల హాల్ల పరుచుకున్న బొమ్మరైలు పట్టాల పక్కన అదే మిల్లు చిన్న బొమ్మగ చేసి పెట్టుమన్నడు నన్ను. నెల రోజులు కూసోని చేసి, ఇయ్యాల పెట్టొచ్చిన. పొగగొట్టం, వడ్లు ఆరబోసే కల్లం, గోడకు ఆనుకొని హమాలీల గది. బస్తాలు మోసినన్ని ఏండ్లు నాయన ఆ గదిలనే పండిండు. అందుకే దాని రేకుల మీది తుప్పు గూడ బ్రష్షుతోని ఒక్కో చుక్క పెట్టిన.

స్విచ్ వేస్తే అన్ని కిటికీలల్ల బియ్యపు గింజంత లైట్లు వెలిగినయ్. సేటు వంగి సూసుకుంట హమాలీల గది కాడ ఆగిండు.

"గీడ లైటు ఎప్పుడుండెరా? తీసెయ్."

ఆయన అబద్ధం చెప్తలేడు. మిల్లంత కరెంటు, ఆ గదికి మాత్రం కిరసనాయిలు బుడ్డి. ఆ మాట జర గూడ సిగ్గులేకుంట అన్నడే, గదే మండింది నాకు. అయినా కటింగ్ ప్లేయర్‌తోని నేనే వైరు కత్తిరించిన. వెలుగు గోడలల్లకెల్లి కారొద్దని లోపల నల్లరంగు వేసి ఉంటి. ఇగ ఆ కిటికీల చీకటి తప్ప ఏం లేదు.

"ఇప్పుడు అచ్చం మన మిల్లే," అన్నడు సేటు. మన మిల్లంట.

ఇంటికొస్తే నాయన ఒక్కటే అడిగిండు. "మా గది పెట్టినవా?"

పెట్టిన, అచ్చం అప్పటి లెక్కనే ఉన్నదని చెప్పిన.

నాయన సంబురపడ్డడు.